సబ్‌డివిజన్ బాండ్ పెట్టడం నుంచి విడిపించుకోవడం దాకా: అమెరికాలో చిన్న డెవలపర్లకు సమగ్ర మార్గదర్శి

లాట్లుగా విడగొట్టి అమ్మడానికి, అంటే సబ్‌డివిజన్ చేయడానికి, భూమి కొన్నారు. ఇంజినీరు డ్రాయింగులు గీశాడు. సిటీ ప్రాథమిక ఆమోదం కూడా ఇచ్చింది. ఇక లాట్లు అమ్మడమే తరువాయి అనుకునే సమయానికి సిటీ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. మ్యాప్‌లో చూపించిన రోడ్లు, నీటి లైన్లు, మురుగు లైన్లు, వాన నీటి కాలువలు ముందు పూర్తిచేయండి, లేదంటే వాటికి సరిపడా ఆర్థిక హామీ పెట్టండి, అప్పుడే ఫైనల్ మ్యాప్ (లాట్ల హద్దులు చూపే అధికారిక పటం) రికార్డు చేస్తాం అని అందులో ఉంటుంది. మ్యాప్ రికార్డు కాకపోతే లాట్లు చట్టపరంగా పుట్టనట్టే. వాటిని అమ్మలేరు, వాటిమీద విడివిడిగా లోన్లు తెచ్చుకోలేరు.

చాలామంది చిన్న డెవలపర్లు ఈ హామీని, ముఖ్యంగా ఒక కంపెనీ వాళ్ల తరఫున పూచీ పడే ష్యూరిటీ బాండ్‌ను, ఒక ఫారం కింద చూస్తారు. ఏజెంటుకి ఫోన్ చేసి, సంతకం పెట్టి, ప్రీమియం కట్టేసి మర్చిపోతారు. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో అతి ఖరీదైన మరుపు ఇదే. హామీ పెట్టడానికి రెండు మూడు వారాలు పడితే, దాన్ని విడిపించుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం విడిపించుకోవడం గురించే ఉంటుంది. బాండ్ మీద సంతకం పెట్టే రోజునే అది ఎలా, ఎప్పుడు, ఎవరి సంతకంతో రద్దవుతుందో మీకు తెలిసి ఉండాలి.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి

మామూలు నిర్మాణ కాంట్రాక్టులో పని చేయించుకునే యజమాని కాంట్రాక్టరుకి డబ్బిస్తాడు. కాంట్రాక్టరు మధ్యలో చేతులెత్తేస్తే, పూచీ పడ్డ ష్యూరిటీ కంపెనీ మిగిలిన పని పూర్తి చేయించడానికి యజమాని దగ్గర ఇంకా చెల్లించని డబ్బు ఉంటుంది. సబ్‌డివిజన్ బాండ్ అలాంటిది కాదు. ఇక్కడ పని చేసేదీ మీరే, డబ్బు పెట్టేదీ మీరే. సిటీ ఒక్క డాలర్ కూడా ఇవ్వదు, పూర్తయిన రోడ్డును మాత్రం తీసుకుంటుంది. మీ దగ్గర డబ్బు అయిపోతే పని ఆగిపోతుంది. పూర్తి చేయడానికి ష్యూరిటీకి పక్కన పెట్టిన సొమ్మంటూ ఏదీ కనిపించదు.

ష్యూరిటీ కంపెనీలు ఈ బాండ్లను అంత జాగ్రత్తగా చూడటానికి కారణం ఇదే. మీ పని అనుభవం కన్నా మీ బ్యాలెన్స్ షీటు వాళ్లకు ముఖ్యం. నిర్మాణ లోన్ ఇచ్చే బ్యాంకు నుంచి సెట్-అసైడ్ లెటర్ అడగడం కూడా అందుకే. "ఈ లోన్‌లో ఇంత మొత్తాన్ని రోడ్లు, లైన్ల కోసం విడిగా ఉంచాం, డెవలపర్ మాట తప్పి డిఫాల్ట్ అయినా దీన్ని ఆ పనికే ఇస్తాం" అని బ్యాంకు రాసిచ్చే పత్రం అది. లోన్ మాట్లాడుకునేటప్పుడే ఈ లెటర్ సంగతి కూడా తేల్చుకోండి. లోన్ పేపర్ల మీద సంతకాలయ్యాక అడిగితే బ్యాంకుకి ఇచ్చే తొందరేమీ ఉండదు.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత దేశంలో చాలాచోట్ల సగం తారు వేసిన రోడ్లు, కరెంటు లేని దీపస్తంభాలు, కట్టని ఇళ్ల మధ్య నాలుగైదు కుటుంబాలు మిగిలిపోయాయి. డెవలపర్లు దివాలా తీశారు. కొన్నిచోట్ల హామీ మొత్తం పనికి సరిపోలేదు, కొన్నిచోట్ల లెటర్ ఆఫ్ క్రెడిట్ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) గడువు ఎవరూ చూడకుండానే దాటిపోయింది. ఇవాళ మీ సిటీ ఇంజినీరు చిన్న చిన్న మాటల దగ్గర కూడా పట్టుబడుతున్నాడంటే ఆ అనుభవం వెనకాల ఉందని గుర్తుపెట్టుకోండి.

1. చట్టం, ఆర్డినెన్సు రెండూ తెచ్చుకుని చదవండి

దేశమంతటికీ ఒకే నియమం లేదు. రాష్ట్ర చట్టం హద్దులు గీస్తుంది, ఆ హద్దుల్లో సిటీ లేదా కౌంటీ తన ఆర్డినెన్సు, అంటే స్థానిక నియమావళి, రాసుకుంటుంది. తేడాలు ఎంత ఉంటాయో నాలుగు రాష్ట్రాలు చూస్తే తెలుస్తుంది.

కాలిఫోర్నియాలో సబ్‌డివిజన్ మ్యాప్ యాక్ట్ వర్తిస్తుంది. పని సక్రమంగా పూర్తిచేస్తామన్న హామీ అంచనా వ్యయంలో 50 నుంచి 100 శాతం మధ్య ఉండాలి. దానికి తోడు కాంట్రాక్టర్లకు, కూలీలకు, సామాన్లు ఇచ్చినవాళ్లకు చెల్లింపుల కోసం మరో 50 నుంచి 100 శాతం హామీ పెట్టాలి. అంటే ఒకే పనికి రెండు బాండ్లు. బాండ్‌లో ఉండాల్సిన మాటలు కూడా గవర్నమెంట్ కోడ్ సెక్షన్లు 66499.1, 66499.2లో రాసే ఉన్నాయి.

నార్త్ కరోలినాలో హామీ 125 శాతం దాటకూడదు. ద్రవ్యోల్బణం, పరిపాలన ఖర్చులు అన్నీ ఆ అదనపు 25 శాతంలోనే ఇమిడిపోవాలి. బాండా, లెటర్ ఆఫ్ క్రెడిటా అన్నది డెవలపర్ ఇష్టం, సిటీది కాదు. పెన్సిల్వేనియాలో 110 శాతం. పనికి ఏడాది కన్నా ఎక్కువ పడితే ఆపై ప్రతి ఏడాదికీ మరో 10 శాతం పెంచే వీలుంది. న్యూజెర్సీలో పరిమితి 120 శాతం. 2018 జనవరిలో సంతకమైన సవరణతో అక్కడ హామీ ప్రధానంగా ప్రజలకు అప్పగించే సదుపాయాలకే పరిమితమైంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సిటీ కౌంటర్‌లో ఇచ్చే ఫారం చాలా ఏళ్ల కిందటిది కావచ్చు, ఈలోగా రాష్ట్ర చట్టం మారి ఉండవచ్చు. చట్టం 120 శాతం అంటే ఫారంలో 150 ఉంటే మీరు అడగాలి. అది గొడవ పెట్టుకోవడం కాదు. మర్యాదగా సెక్షన్ నంబరు రాసి ఈమెయిల్ పంపితే చాలా సందర్భాల్లో సిటీ అటార్నీయే సరిచేస్తాడు. మీ వైపు ల్యాండ్ యూజ్ అటార్నీని ఈ దశలోనే పెట్టుకోండి. క్లెయిమ్ వచ్చాక, అంటే హామీ సొమ్ము కోసం సిటీ అడిగాక, పెట్టుకుంటే ఫీజు అనేక రెట్లు అవుతుంది.

2. హామీ కిందికి ఏవి వస్తాయో గీత గీయండి

సిటీ తన ఆస్తిగా తీసుకునేవి ఒక రకం: వీధులు, కర్బులు, ఫుట్‌పాత్‌లు, నీటి మెయిన్లు, సీవర్ లైన్లు, స్టార్మ్ డ్రైన్లు, వీధి దీపాలు, హైడ్రెంట్లు. హోంఓనర్స్ అసోసియేషన్ చేతికి వెళ్లేవి మరో రకం: ప్రైవేటు రోడ్లు, క్లబ్‌హౌస్, లోపలి లాండ్‌స్కేపింగ్. రెండో రకాన్ని హామీలో చేర్చవచ్చా లేదా అన్నది మీ రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. సర్వే రాళ్లు, వీధి చెట్లు, వాన నీటి చెరువు, బయటి రోడ్డులో టర్న్ లేన్ లాంటివి జాబితాలో ఎక్కడో అడుగున ఉంటాయి. వీటిని తేలిగ్గా తీసుకోకండి, చివర్లో విడుదలను ఆపేది ఎక్కువగా ఇవే.

3. ఎస్టిమేట్: మొత్తం కథ ఇక్కడే మొదలవుతుంది

హామీ మొత్తం ఇంజినీరు ఎస్టిమేట్ మీద ఆధారపడుతుంది. మీ ఇంజినీరు తయారుచేస్తాడు, సిటీ ఇంజినీరు సరిచూస్తాడు. ఎస్టిమేట్ తక్కువగా ఉంటే హామీ తగ్గుతుంది కదా అని చాలామందికి ఆశ. కానీ సిటీ ఇంజినీరు దగ్గర పక్క ప్రాజెక్టుల రేట్లు ఉంటాయి. ఒక్క రేటు అనుమానంగా కనిపించినా మిగతా అన్నిటినీ తవ్వుతాడు, నెల రోజులు పోతాయి. పైగా సిటీ ఆలోచించే కోణం వేరు: మీరు లేనప్పుడు ఈ పని తాను చేయించాలంటే ఎంతవుతుంది? ప్రభుత్వం పని చేయిస్తే టెండర్లు పిలవాలి, ప్రభుత్వ పనుల వేతన రేట్లు వర్తించవచ్చు, ఆగిపోయిన సైటుకు వచ్చే కాంట్రాక్టరు రేటు పెంచి అడుగుతాడు. 110, 120, 125 శాతాలు పుట్టింది ఇందుకే.

ఎస్టిమేట్‌ను పెద్ద పెద్ద ముద్దలుగా రాయొద్దు. "స్ట్రీట్ వర్క్, మొత్తం 4 లక్షలు" అని ఒక్క లైనులో ఉంటే, సగం అయ్యాక సగం విడుదల చేయమని అడగడానికి ఆధారం ఉండదు. గ్రేడింగు, బేస్ రాయి, మొదటి పొర తారు, చివరి పొర తారు, కర్బు, ఫుట్‌పాత్, ప్రతి పైపు సైజుకి అడుగుల లెక్క, మ్యాన్‌హోళ్ల సంఖ్య, అన్నీ వేర్వేరు లైన్లలో ఉండాలి. రేపు మీరు పెట్టే ప్రతి తగ్గింపు దరఖాస్తు ఈ షీటునే చూపిస్తుంది.

ఉదాహరణకు ఒక చిన్న సబ్‌డివిజన్ తీసుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి మొత్తం అంచనా 8,00,000 డాలర్లు అనుకోండి. 125 శాతం చొప్పున హామీ 10,00,000 డాలర్లు. పైపులైన్లు, స్టార్మ్ డ్రైన్ల వాటా 3,60,000 అనుకోండి. అవి పూర్తయి, టెస్టులు పాసై, సిటీ ఒప్పుకుంటే మిగిలిన పని విలువ 4,40,000. దానికి 125 శాతం అంటే 5,50,000. ఒక్క దరఖాస్తుతో 4,50,000 డాలర్ల హామీ తగ్గుతుంది. లైన్లవారీగా ఎస్టిమేట్ లేకపోతే ఈ దరఖాస్తు పెట్టడమే కష్టం.

వీలైతే ప్రాజెక్టును ఫేజులుగా విడగొట్టి, ఒక్కో ఫేజుకి విడి మ్యాప్, విడి హామీ పెట్టుకోండి. మొదటి ఫేజు లాట్లు అమ్ముడైన డబ్బు రెండో ఫేజు హామీకి ఆసరా అవుతుంది. అయితే ప్రతి ఫేజూ తన కాళ్లమీద తాను నిలబడగలగాలి. రోడ్డు రెండో ఫేజులో మాత్రమే కలుస్తుందంటే సిటీ మొదటి ఫేజుకి ఒప్పుకోదు.

4. ఏ రూపంలో పెట్టాలి

ష్యూరిటీ బాండ్. ఇందులో ముగ్గురుంటారు: మీరు, సిటీ, మీ తరఫున పూచీ పడే కంపెనీ. ప్రీమియం సాధారణంగా ఏడాదికి బాండ్ విలువలో 1 నుంచి 3 శాతం. మన ఉదాహరణలో 2 శాతం వేసుకున్నా ఏడాదికి 20,000 డాలర్లు. బ్యాంకులో డబ్బు ఇరుక్కోకపోవడం దీని పెద్ద లాభం.

కానీ దీన్ని బీమా అనుకోకండి. ష్యూరిటీ సిటీకి డబ్బు కడితే, ఖర్చులతో సహా మీ దగ్గర వసూలు చేసుకుంటుంది. అందుకోసం మీతో ఇండెమ్నిటీ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుంటుంది. ఈ ఒక్క కాగితాన్ని లైను లైనుగా చదవండి. నలుగురు స్నేహితులు కలిసి ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి, అందులో మీ వాటా 15 శాతమే అయినా, ఇండెమ్నిటీ మీద వ్యక్తిగతంగా సంతకం పెడితే మీ బాధ్యత 15 శాతంతో ఆగదు. విడివిడిగానూ ఉమ్మడిగానూ బాధ్యులని రాసి ఉంటే ష్యూరిటీ మొత్తం సొమ్మును మీ ఒక్కరినే అడగవచ్చు. భార్యాభర్తలిద్దరి సంతకాలు అడగడం కూడా మామూలే, అప్పుడు ఇల్లు, సేవింగ్స్ అన్నీ దాని కిందికి వచ్చినట్టే. పార్ట్‌నర్ల మధ్య విడిగా ఒక ఒప్పందం రాసుకోండి: ఎవరు ఎంత కట్టినా చివరికి వాటాల ప్రకారం సర్దుకుంటామని. స్నేహం ఉంది కదా అని దీన్ని వదిలేయకండి. స్నేహం నిలబడాలంటే ఈ కాగితం కావాలి.

ష్యూరిటీ కంపెనీ ఎవరన్నదీ ముఖ్యమే. చాలా సిటీలు అమెరికా ట్రెజరీ శాఖ ఏటా ప్రచురించే సర్క్యులర్ 570 అనే ఆమోదిత ష్యూరిటీ కంపెనీల జాబితాలో కంపెనీ పేరు ఉండాలంటాయి. ఆ జాబితాలో ఒక్కో కంపెనీకి ఒక్కో బాండ్‌పై ఎంత వరకు పరిమితి ఉందో కూడా ఉంటుంది. ఏఎమ్ బెస్ట్ అనే సంస్థ బీమా కంపెనీల ఆర్థిక బలానికి ఇచ్చే రేటింగ్ అడగడం కూడా సాధారణం. ఏజెంటు చవగ్గా తెచ్చిన బాండ్‌ను సిటీ తిప్పి పంపితే రికార్డింగ్ తేదీ జారిపోతుంది, కాబట్టి ముందే సరిచూసుకోండి.

లెటర్ ఆఫ్ క్రెడిట్. దీన్ని బ్యాంకు ఇస్తుంది. సిటీలకు ఇదంటే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే సిటీ నిర్ణీత పత్రం చూపిస్తే చాలు, తప్పు ఎవరిదో విచారించకుండా బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది. పత్రాలు లెటర్‌లో రాసినట్టు ఉన్నాయా లేదా అన్నదే బ్యాంకు చూస్తుంది. మీరు "పని అయిపోయింది, ఇది అన్యాయం" అని మొరపెట్టుకున్నా బ్యాంకు ఆగదు. ఆ తగాదా తర్వాత సిటీతో మీరు తేల్చుకోవాలి. యూసీసీ (యూనిఫాం కమర్షియల్ కోడ్ అనే వాణిజ్య చట్టం) ఆర్టికల్ 5 ప్రకారం పత్రాలు పరిశీలించడానికి బ్యాంకుకి గరిష్ఠంగా 7 పని దినాలే గడువు.

ఖర్చు ఫీజుతో ఆగదు. 10 లక్షల డాలర్ల లెటర్ ఇచ్చిందంటే బ్యాంకు మీ క్రెడిట్ లైనులో అంత మేర మూసేస్తుంది, లేదా డిపాజిట్‌ను తాకట్టుగా పట్టుకుంటుంది. చిన్న డెవలపర్‌కి ఇది ఊపిరాడనివ్వని పరిస్థితి. పని చేయాల్సిన డబ్బే పనికి హామీగా ఇరుక్కుంటుంది.

గడువు గురించి ఒక్క మాట. ఆటోమేటిక్‌గా ఏటా పొడిగించుకునే షరతు ఉంటుంది. పొడిగించబోమని బ్యాంకు 60 లేదా 90 రోజుల ముందు సిటీకి నోటీసు ఇస్తే, ఆ కారణం మీదే సిటీ మొత్తం డబ్బు లాగేసుకునే హక్కు కూడా ఉంటుంది. మీ బ్యాంకు మరో బ్యాంకులో విలీనమై, కొత్తవాళ్లు నిర్మాణ రంగం నుంచి తప్పుకోవాలనుకుంటే మీ తప్పు లేకుండానే ఈ పరిస్థితి రావచ్చు. కాబట్టి మీ క్యాలెండర్‌లో గడువుకి 120 రోజుల ముందు బ్యాంకుతో మాట్లాడాలని రాసిపెట్టుకోండి.

నగదు డిపాజిట్. చిన్న మొత్తాలకు, అంటే ఫుట్‌పాత్ ముక్కకో, పదిహేను చెట్లకో బాగుంటుంది. అంత చిన్నదానికి బాండ్ కన్నా ఇదే తేలిక. వడ్డీ ఎవరికి చెందుతుందో, ఏ ఖాతాలో ఉంచుతారో రాయించుకోండి.

కొన్నిచోట్ల లాట్లను తాకట్టుగానూ ఒప్పుకుంటారు: పని అయ్యేదాకా ఫలానా లాట్లు అమ్మను, బిల్డింగ్ పర్మిట్ అడగను అని. డబ్బు తక్కువగా ఉండి ఓపిక ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. కానీ మొదటి తాకట్టు లోన్ ఇచ్చిన బ్యాంకుది కాబట్టి ఆ బ్యాంకు కూడా ఒప్పుకోవాలి.

నా అభిప్రాయం అడిగితే, బ్యాలెన్స్ షీటు చూపించగలిగే స్థితి ఉంటే పెద్ద మొత్తానికి బాండ్, చివర్లో మిగిలే చిల్లర పనులకు నగదు. లెటర్ ఆఫ్ క్రెడిట్ వైపు వేరే దారి లేనప్పుడే వెళ్లండి.

5. అగ్రిమెంటులో చూసుకోవాల్సిన మాటలు

బాండ్‌తో పాటు సిటీతో ఇంప్రూవ్‌మెంట్ అగ్రిమెంట్, అంటే రోడ్లు, లైన్ల పనుల ఒప్పందం, ఉంటుంది. బాండ్ హామీ ఇచ్చేది ఈ అగ్రిమెంటుకే. ఇందులో నేను ముందు చూసేవి ఇవి: ఏ డ్రాయింగ్ షీట్లు, ఏ తేదీవి, పూర్తి చేయాల్సిన గడువు, పొడిగించే పద్ధతి, డిఫాల్ట్ ప్రకటించే ముందు ఎన్ని రోజుల నోటీసు, సరిదిద్దుకునే అవకాశం, తగ్గింపులు ఎన్నిసార్లు అడగవచ్చు, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, చివరి విడుదల ఎవరు సంతకం చేస్తారు, కౌన్సిల్ తీర్మానం కావాలా, సిటీ ఇంజినీరు సంతకం చాలా.

డ్రాయింగ్ తేదీ అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది. పని మధ్యలో డ్రాయింగులు మారుతూనే ఉంటాయి. అగ్రిమెంటులో పాత తేదీ, సైటులో కొత్త పైపు ఉంటే, చివరి ఇన్‌స్పెక్షన్‌లో ఏది సరైనదన్న వాదన మొదలవుతుంది. మార్పు జరిగిన ప్రతిసారీ ఇంజినీరు సంతకంతో కొత్త షీటు సిటీ ఫైలులో పెట్టించండి.

బాండ్ సంగతిలో ఇంకొకటి. ఇది సాధారణంగా సిటీ విడుదల చేసేదాకా కొనసాగుతుంది. మీరు ప్రీమియం కట్టడం మానేసినంత మాత్రాన రద్దు కాదు. కట్టని ప్రీమియం బాకీగా పేరుకుంటుంది, బాండ్ మాత్రం బతికే ఉంటుంది.

6. పని నడుస్తున్నప్పుడు

పూడ్చేసే ముందు చూపించండి. నేలలో వేసిన పైపును ఇన్‌స్పెక్టర్ చూడకముందే మట్టి కప్పితే, మళ్లీ తవ్వించే అధికారం అతనికి ఉంది. ప్రతి ప్రెషర్ టెస్టు, కంపాక్షన్ టెస్టు, సీవర్ లోపల కెమెరా వీడియో, అన్నీ తేదీలతో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. రెండేళ్ల తర్వాత కొత్త ఇన్‌స్పెక్టర్ వస్తాడు, అతనికి ఈ ఫోల్డరే సాక్ష్యం.

పెద్ద మైలురాయి దాటిన ప్రతిసారీ తగ్గింపు అడగండి, కానీ చిన్న చిన్నవాటికి అడగొద్దు. ప్రతి దరఖాస్తుకీ సిటీ రివ్యూ ఫీజు వేస్తుంది, సిబ్బందికి విసుగూ వస్తుంది. భూగర్భ పనులు అయ్యాక ఒకటి, మొదటి పొర తారు, కర్బులు అయ్యాక ఒకటి, ఆ తర్వాత చివరిది. చిన్న ప్రాజెక్టుకి ఇంతే చాలు. దరఖాస్తుతో పాటు లైన్లవారీ ఎస్టిమేట్‌లో పూర్తయినవి గుర్తుపెట్టి, టెస్టు రిపోర్టులు, కాంట్రాక్టర్ల లీన్ వేవర్లు (బాకీ కోసం ఆస్తి మీద హక్కు, అంటే లీన్, వేయమని రాసిచ్చే పత్రాలు) జతచేయండి. ఎంత పూర్తయినా కొంత భాగాన్ని చివరిదాకా అట్టిపెట్టుకునే హక్కు చాలాచోట్ల సిటీకి ఉంటుంది. పెన్సిల్వేనియాలో అది అంచనా వ్యయంలో 10 శాతం.

తగ్గింపు మంజూరైనట్టు సిటీ ఉత్తరం వస్తే అక్కడితో ఆగకండి. దాన్ని ష్యూరిటీకి పంపి, తగ్గిన మొత్తంతో రైడర్ (బాండ్‌కి సవరణ పత్రం) రాయించుకుని, తర్వాతి ఏడాది ప్రీమియం ఆ మొత్తం మీదే లెక్కకట్టారో లేదో చూడండి.

7. చివరి పొర తారు

దీనికి విడిగా ఒక భాగం ఇస్తున్నాను, ఎందుకంటే నేను చూసినంతలో హామీలు ఏళ్ల తరబడి ఇరుక్కుపోయేది ఎక్కువగా ఇక్కడే.

వీధికి తారు రెండు పొరలుగా వేస్తారు. మొదటి పొర వేసి ఇళ్ల నిర్మాణం మొదలుపెడతారు. కాంక్రీటు లారీలు, కలప ట్రక్కులు తిరుగుతుంటే పై పొర పాడవుతుందని దాన్ని చివరికి అట్టిపెడతారు. ఈలోగా ఆ వీధిలో నడిచి చూడండి. మ్యాన్‌హోల్ మూతలు పై పొర ఎత్తుకి అమర్చినవి, అందుకే రోడ్డు మధ్యలో గుండ్రంగా పైకి లేచి ఉంటాయి. కర్బు పక్కన గట్టర్ అంచు కూడా తారు కన్నా ఎత్తుగా ఉంటుంది, అందుకే వాన నీరు కాలువ మూతలోకి పోకుండా అంచు పొడుగునా నిలబడిపోతుంది. చలికాలంలో అది గడ్డకట్టి మొదటి పొరను పగలగొడుతుంది. మంచు తొలగించే ట్రక్కు బ్లేడు మ్యాన్‌హోల్ అంచుకి తగులుతుంది. కొత్తగా వచ్చిన కుటుంబాలు సిటీకి ఫోన్లు చేస్తాయి.

లాట్లు నెమ్మదిగా అమ్ముడైతే ఈ స్థితి మూడు నాలుగేళ్లు సాగుతుంది. అప్పటికి మొదటి పొరలో పగుళ్లు వచ్చి, ముందు వాటిని కోసి సరిచేయమంటారు, ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో లేదు. అందుకని 75 శాతమో 80 శాతమో ఇళ్లు కట్టగానే, లేదా ఫలానా తేదీకి, ఏది ముందైతే అప్పుడు పై పొర వేస్తామని అగ్రిమెంటులోనే రాయించుకోండి. మిగిలిన ఇళ్లు కట్టే బిల్డర్ల దగ్గర డ్యామేజ్ డిపాజిట్ తీసుకోండి. లాట్ అప్పగించే రోజు దాని ముందున్న కర్బు, ఫుట్‌పాత్ ఫోటోలు తీసి బిల్డర్‌తో సంతకం పెట్టించండి. తర్వాత పగిలిన స్లాబుకి ఎవరు కట్టాలన్న వాదన ఉండదు.

వాన నీటి చెరువుదీ ఇలాంటి కథే. నిర్మాణ సమయంలో బురద ఆపే గుంటగా వాడినదాన్ని చివర్లో తవ్వి, శాశ్వత అవుట్‌లెట్ పెట్టి, గట్ల మీద గడ్డి మొలిపించాలి. ఈపీఏ (కేంద్ర పర్యావరణ సంస్థ) నిర్మాణ పర్మిట్ ప్రకారం శాశ్వత స్థిరీకరణ అంటే ఆ ప్రాంతంలో సహజంగా ఉండే మొక్కల కప్పులో 70 శాతం రావాలి. విత్తనాలు చల్లిన మర్నాడు అది రాదు. నవంబరులో గుర్తుకొస్తే వసంతం దాకా హామీ కదలదు.

8. చివరి విడుదల

అంతా అయ్యాక రాతపూర్వకంగా ఇన్‌స్పెక్షన్ అడగండి, రసీదు వచ్చే పోస్టులో పంపండి. ఇది ఊరికే చెబుతున్న జాగ్రత్త కాదు. పెన్సిల్వేనియా చట్టంలో రిజిస్టర్డ్ లేదా సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు అందిన 10 రోజుల్లో పాలకవర్గం ఇంజినీరుని ఇన్‌స్పెక్షన్‌కి పంపాలి, ఇంజినీరు 30 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, రిపోర్టు అందాక 15 రోజుల్లో మీకు జవాబు రావాలి. ఈ గడువులు దాటితే పని ఆమోదం పొందినట్టే లెక్క. ఫోన్‌లో చెప్పి ఉంటే ఈ గడియారం మొదలే కాదు.

ఇన్‌స్పెక్టర్ పంచ్ లిస్ట్ (ఇంకా సరిచేయాల్సిన పనుల జాబితా) ఇస్తాడు. ఇదే తుది జాబితా అని రాతలో ఇమ్మని అడగండి. లేకపోతే మొదటి జాబితా పూర్తిచేసేసరికి రెండోది పుడుతుంది. ఇన్‌స్పెక్టర్‌తో కలిసి సైటంతా ఒకసారి నడవండి, ప్రతి అంశం దగ్గర ఏం చేస్తే సరిపోతుందో అక్కడికక్కడే తేల్చుకోండి.

దీనికి సమాంతరంగా యాజ్-బిల్ట్ డ్రాయింగులు (నిజంగా కట్టినదాన్ని చూపేవి), సర్వే రాళ్ల సర్టిఫికెట్, ఈజ్‌మెంట్ (భూమిని వాడుకునే హక్కు) పత్రాలు, కాంట్రాక్టర్లందరి చివరి లీన్ వేవర్లు సిద్ధం చేయండి. కాలిఫోర్నియా లాంటి చోట్ల చెల్లింపుల బాండ్ విడిగా ఉండటానికి కారణం ఉంది: ప్రజా ఆస్తిగా మారిన వీధి మీద కాంట్రాక్టరు లీన్ వేయలేడు, బాండే అతనికి దిక్కు. కాబట్టి ఆ బాండ్ క్లెయిములు వేసే గడువు గడిచాకే విడుదలవుతుంది.

తర్వాత మెయింటెనెన్స్ హామీ, అంటే పూర్తయిన పనిలో లోపాలు బయటపడితే సరిచేస్తామన్న హామీ, మొదలవుతుంది. న్యూజెర్సీలో 15 శాతం వరకు, 2 ఏళ్లకు మించకుండా. పెన్సిల్వేనియాలో 15 శాతం, 18 నెలల వరకు. ఈ కాలం ముగియడానికి రెండు నెలల ముందే మీరే సైటు చూసి కుంగిన ట్రెంచ్‌లు, చచ్చిన చెట్లు సరిచేయండి. ఆఖరి వారంలో సిటీ కనిపెడితే కాలం పొడిగిస్తారు.

9. క్లెయిమ్ పడితే

సిటీ డిఫాల్ట్ నోటీసు పంపితే ఆ రోజే ష్యూరిటీకి, అటార్నీకి చెప్పండి. దాచితే ఇండెమ్నిటీ కింద మీ స్థితి ఇంకా బలహీనపడుతుంది. ష్యూరిటీకి కొన్ని దారులున్నాయి: మీకు డబ్బు సర్ది మీతోనే పూర్తి చేయించడం, వేరే కాంట్రాక్టరుని పెట్టడం, సిటీకి సొమ్ము చెల్లించడం, క్లెయిమ్ చెల్లదని తిరస్కరించడం. మీకు అన్నిటికన్నా చవకైనది మొదటిదే. ఎంత మిగిలింది, ఎంతవుతుంది, ఎప్పటికవుతుంది అన్న షీటు మీరే తయారుచేసి ఇస్తే దానికి ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. ఇళ్లు కొన్నవాళ్ల వైపు నుంచి నేరుగా బాండ్ మీద దావాలు పడతాయేమోనన్న టెన్షన్ కొందరికి ఉంటుంది. నార్త్ కరోలినా చట్టం స్థానిక ప్రభుత్వానికి, డెవలపర్‌కి, హామీ ఇచ్చిన సంస్థకి తప్ప ఇంకెవరికీ ఆ హామీపై హక్కు లేదని స్పష్టంగా చెబుతుంది. మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి.

10. ప్రాజెక్టు మధ్యలో అమ్మేస్తుంటే

మిగిలిన లాట్లన్నీ పెద్ద బిల్డర్ కొంటానంటాడు, పనులు కూడా తానే చూసుకుంటానని కాంట్రాక్టులో రాస్తాడు. ఆ మాట మీకూ అతనికీ మధ్య. సిటీ దగ్గర ఇంకా ఉన్నది మీ బాండే, ష్యూరిటీ దగ్గర ఉన్నది మీ ఇంటి సంతకాలే. అతను రోడ్డు వేయకపోతే నోటీసు మీకే వస్తుంది. అందుకే అమ్మకం ముగిసే రోజునే కొనేవాడు తన హామీ సిటీకి ఇవ్వాలి, సిటీ దాన్ని ఒప్పుకుని మీదాన్ని రాతలో విడుదల చేయాలి, అప్పుడే క్లోజింగ్. సిటీ కౌన్సిల్ సమావేశం తేదీ కుదరకపోతే, కొనుగోలు సొమ్ములో మిగిలిన పని విలువకి సరిపడేంత ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) ఆపించండి.

విడుదల ఉత్తరం, లేదా రద్దయిన అసలు బాండ్, చేతికొచ్చాక కాపీని ష్యూరిటీకి పంపి, ఖాతా మూసేసినట్టు, ఇండెమ్నిటీ కింద ఈ బాండ్‌కి సంబంధించి బాకీ ఏమీ లేనట్టు వాళ్లనుంచి ఉత్తరం తీసుకోండి. ఎక్కువ కట్టిన ప్రీమియం ఉంటే తిరిగి ఇవ్వమని అదే ఉత్తరంలో అడగండి.